గీజర్ సేఫ్టీ వాల్వుకు బిరడా కొట్టకండి: బెంగళూరు గీజర్ టెక్నీషియన్లకు, సర్వీస్ సెంటర్లకు బహిరంగ లేఖ

తమ్ముళ్లకు, సర్వీస్ సెంటర్ల మేనేజర్లకు నమస్కారం.

నేను కడప జిల్లాలోని థర్మల్ స్టేషన్‌లో బాయిలర్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు బెంగళూరు రామమూర్తినగర్‌లో మా అబ్బాయి వాళ్లింట్లో ఉంటున్నాను. ఇక్కడి నుంచి కె.ఆర్.పురం, హొరమావు, మారతహళ్లి దాకా గీజర్లు బిగించడానికి, బాగుచేయడానికి వచ్చే కుర్రాళ్లలో చాలామంది మదనపల్లె, కదిరి, హిందూపురం వైపువాళ్లే. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూనే మా మాట విని "మీది ఏ ఊరు సార్" అని అడుగుతారు. మీ పని ఎంత కష్టమో నాకు తెలుసు. బాత్రూమ్ అటకలో తల దూర్చి, ఒంటిచేత్తో స్పానర్ తిప్పుతూ, కింద నుంచి "ఇంకా ఎంతసేపు" అన్న మాట పడుతూ చేసే పని అది. మిమ్మల్ని తక్కువ చేయాలని ఈ ఉత్తరం రాయడం లేదు.

ఒక్కటే అడుగుతున్నాను. గీజర్ పక్కనుండే సేఫ్టీ వాల్వును మూసేయకండి. ఇంటివాళ్లు అడిగినా, సీనియర్ చెప్పినా మూయకండి. ఇప్పటికే మూసినవి ఉంటే దయచేసి వెనక్కి వెళ్లి తెరవండి.

పోయిన చలికాలం మా ఇంట్లో వేడినీళ్ల ధార తగ్గిపోయింది. షవర్‌లో చన్నీళ్లు బాగానే పడుతున్నాయి, వేడినీళ్లు మాత్రం సన్నగా జారుతున్నాయి. అప్పుడు నేను ప్రొద్దుటూరులో ఉన్నాను. కోడలు సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే ఒక అబ్బాయి వచ్చాడు. పైకెక్కి చూసి, గీజర్‌కు నీళ్లు ఎక్కే చోట ఉన్న ఇత్తడి వాల్వు నుంచి చుక్కలు పడటం గమనించాడు. "ప్రెజర్ అంతా ఇక్కడే లీకైపోతోంది మేడమ్, అందుకే షవర్‌కు రావడం లేదు" అన్నాడు. ఆ వాల్వు పక్కన చిన్న ముక్కులా ఉండే గొట్టంలో ఎం-సీల్ ముద్ద కుక్కి మూసేశాడు. ధార పెరగలేదు. అప్పుడు ట్యాంకు లోపల కూడా పోయిందని, కొత్త గీజర్ తీసుకుంటే పాతదానికి ఎక్స్‌ఛేంజ్ ఇప్పిస్తానని, అప్పటిదాకా లైనుకు ఒక ప్రెజర్ పంపు పెట్టించుకోమని చెప్పి వెళ్లాడు. జాబ్ కార్డులో "వాల్వ్ లీకేజ్ అరెస్టెడ్" అని రాసి సంతకం పెట్టాడు. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఊరి నుంచి వచ్చి అటకలోకి టార్చ్ వేసి చూశాను. ఇత్తడి వాల్వు మూతికి బూడిదరంగు ముద్ద గట్టిగా గడ్డకట్టి ఉంది. మొదట ఎంసీబీ దించి గీజర్‌కు కరెంటు ఆపాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారు, ఆ గీజర్ కిందే నిలబడి స్నానం చేస్తారు.

మరుసటి రోజు మా అపార్ట్‌మెంట్ ప్లంబర్‌ని పిలిచి ఇద్దరం కలిసి విప్పాం. గీజర్ నుంచి మిక్సర్ కుళాయికి వచ్చే ఫ్లెక్సిబుల్ పైపు చివర, వాషర్‌లో ఉండే జల్లెడ మీద తెల్లటి పెచ్చులు పేరుకుని ఉన్నాయి. షవర్ తలలో కూడా అవే కొన్ని ఉన్నాయి. వేలితో నలిపితే సున్నపు పొడిలా రాలాయి. ట్యాంకు అడుగు ఫ్లాంజి మూత విప్పితే కాయిల్ చుట్టూ అదే సున్నం మందంగా కట్టుకుని ఉంది. తాను అరిగిపోతూ ట్యాంకును తుప్పు నుంచి కాపాడే మెగ్నీషియం రాడ్ ఉండాల్సిన చోట సన్నని ఇనుప ఊచ మాత్రమే మిగిలింది. పెచ్చులు తీసి, జల్లెడలు కడిగి, కొత్త వాల్వు, కొత్త రాడ్ వేసి బిగిస్తే వేడినీళ్లు మునుపటిలాగే వచ్చాయి. ట్యాంకులో ఎక్కడా లీకు లేదు. వాల్వు, రాడ్ కలిపినా కొత్త గీజర్ ధరలో చిన్న భాగమే అయింది.

తర్వాత మా అపార్ట్‌మెంట్‌లో తెలిసినవాళ్ల ఇళ్లలో అడిగి చూశాను. కొన్నిచోట్ల ఎం-సీల్, కొన్నిచోట్ల స్క్రూ, ఒకచోట అసలు సేఫ్టీ వాల్వే తీసేసి మామూలు నిపుల్ (పైపు ముక్క) వేశారు. అవి వేరువేరు సర్వీస్ సెంటర్ల మనుషులు చేసిన పనులు. అందుకే ఏ ఒక్కరి పేరూ చెప్పడం లేదు. ఇది ఒక కుర్రాడి తప్పు కాదు, ఊరంతా అలవాటైపోయిన పద్ధతి.

ఆ చుక్కలు ఎందుకు పడతాయో మీకు ట్రైనింగ్‌లో ఎవరైనా వివరంగా చెప్పారా? చెప్పి ఉండరనే అనుకుంటున్నాను, చెప్పి ఉంటే మూసేవాళ్లు కాదు. నీళ్లు వేడెక్కితే పెరుగుతాయి. 25 లీటర్ల గీజర్‌లో 25 డిగ్రీల నీళ్లను 60 డిగ్రీలకు తెస్తే సుమారు 350 మిల్లీలీటర్ల నీళ్లు ఎక్కువవుతాయి. ఏ కుళాయీ తిప్పకపోతే ఆ ఎక్కువైన నీళ్లు ఎక్కడికో ఒకచోటికి పోవాలి. పాత ఇళ్లలో, డాబా మీది ట్యాంకు నుంచి సూటిగా గొట్టం వచ్చే రోజుల్లో, అవి వెనక్కి చన్నీళ్ల లైనులోకే పోయేవి. ఇప్పుడు గీజర్ ముందు నాన్ రిటర్న్ వాల్వు ఉంటుంది కాబట్టి వెనక్కి దారి లేదు. అందుకే మల్టీ ఫంక్షన్ వాల్వులో, అంటే ఈ సేఫ్టీ వాల్వులో, ఒక స్ప్రింగు, ఒక ముక్కు పెట్టారు. ప్రెజర్ హద్దు దాటగానే స్ప్రింగు లేస్తుంది, నాలుగు చుక్కలు పడతాయి, మళ్లీ మూసుకుంటుంది. గీజర్ ఆన్‌లో ఉన్నప్పుడు చుక్కలు పడుతుంటే వాల్వు తన పని తాను చేస్తోందని అర్థం.

గీజర్ ఆఫ్‌లో ఉండి, నీళ్లు చల్లారాక కూడా కారుతూనే ఉంటే అది వేరే సంగతి. వాల్వు సీటు మీద, అంటే అది మూసుకునే చోట, సున్నం పట్టి ఉండాలి, లేదా బిల్డింగ్ లైనులో ప్రెజర్ మరీ ఎక్కువగా ఉండాలి. మొదటిదైతే వాల్వు మార్చాలి. రెండోదైతే అసోసియేషన్‌కు చెప్పాలి. రెండింటిలో దేనికీ బిరడా మందు కాదు.

ఇక ఆ నాలుగు చుక్కల వల్ల షవర్‌లో ధార తగ్గిందనడం ఏ లెక్కకూ అందదు. బాగా వచ్చే షవర్‌లో నిమిషానికి 8, 10 లీటర్ల నీళ్లు పోతాయి. చుక్కచుక్కగా కారేది గంటంతా కలిపినా ఆ ఒక్క నిమిషం నీళ్లలో పదో వంతు ఉండదు. రెండు వేరువేరు విషయాలను కలిపి చెప్పడం వల్ల ఇంటివాళ్లు సులువుగా నమ్ముతారు, ఎందుకంటే కారే నీళ్లు కళ్లకు కనిపిస్తాయి, జల్లెడలోని సున్నం కనిపించదు.

మూసేస్తే ఏమవుతుందో కూడా చెప్పనివ్వండి. నీళ్లను ఎంత అదిమినా కుదించుకోవు. దారులన్నీ మూసుకున్న ట్యాంకులో వేడి కొన్ని డిగ్రీలు పెరిగేసరికే ప్రెజర్ ట్యాంకు మీద అచ్చువేసిన అంకెను దాటగలదు. మామూలుగా స్టోరేజీ గీజర్ల మీద 8 బార్ అనో, 0.8 ఎంపీఏ అనో ఉంటుంది. మన పని భాషలో 8 కేజీలు, అంటే చదరపు సెంటీమీటరుకు 8 కేజీల ఒత్తిడి. "ఎన్నో ఇళ్లలో మూశాం సార్, ఏమీ కాలేదు" అని ఒక అబ్బాయి నాతో అన్నాడు. ఏమీ కాకపోవడానికి కారణం ఉంది. మిక్సర్ వాషర్ కొంచెం కారుతూనో, నాన్ రిటర్న్ వాల్వు పూర్తిగా మూసుకోకనో ఆ ప్రెజర్ ఎలాగో బయటపడుతోంది. మంచి వాషర్ వేసిన రోజు ఆ దారీ పోతుంది. అప్పుడు రోజూ పొద్దున ట్యాంకు ఉబ్బుతుంది, రాత్రికి సర్దుకుంటుంది. లోపలి గాజుపూత చిట్లుతుంది, వెల్డింగ్ దగ్గర తుప్పు మొదలవుతుంది. గట్టిగా ఉన్న గీజర్ త్వరలోనే కారడం మొదలుపెడుతుంది, "చెప్పానుగా మేడమ్, ట్యాంకు పోయిందని" అన్న మాట నిజమైపోతుంది.

ఇంతవరకు జరిగేది డబ్బు నష్టం. నీళ్లు తగినంత కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ కూడా చెడిపోతే జరిగేది ప్రాణనష్టం. థర్మోస్టాట్ కాంటాక్టులు అతుక్కుపోవడం మీరు చూడనిది కాదు. అందుకే దాని వెనకాల, వేడి హద్దు దాటితే కరెంటు తెంచే థర్మల్ కటౌట్ ఉంది. కటౌట్ ఊరికే పడిపోతోందని కొందరు దాన్ని తప్పించి వైరు "డైరెక్ట్" చేస్తారు. ఈ మాట చాలా ఇళ్లలో విన్నాను. డైరెక్ట్ చేసిన గీజర్‌కు వాల్వు కూడా మూసి ఉంటే, ఇక ఆ వేడిని ఆపేది ఏదీ లేదు. 8 కేజీల ప్రెజర్ కింద నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగవు, దాదాపు 175 డిగ్రీల దాకా నీళ్లుగానే ఉంటాయి. అలాంటి నీళ్లున్న ట్యాంకు ఎక్కడైనా చీలితే ఆ క్షణంలోనే వాటిలో కొంత భాగం ఆవిరిగా మారుతుంది. ఒక లీటరు నీళ్లు పూర్తిగా ఆవిరైతే 1,600 లీటర్లకు పైగా చోటు కావాలి. బాత్రూమ్ ఎంతుంటుందో మీకే బాగా తెలుసు.

కుక్కర్ విజిల్ రంధ్రం మూసి పొయ్యి మీద పెట్టమంటే మీ ఇంట్లో అమ్మ ఒప్పుకుంటుందా? గీజర్ వాల్వు చేసేది అదే పని.

మా ప్లాంటులో 210 మెగావాట్ల యూనిట్ బాయిలర్ డ్రమ్ములో సుమారు 150 కేజీల ప్రెజర్ ఉండేది. ఏటా బాయిలర్ ఇన్‌స్పెక్టర్ వచ్చి నిలబడితే సేఫ్టీ వాల్వు ఫ్లోటింగ్ చేసేవాళ్లం. అంటే ప్రెజర్ నెమ్మదిగా పెంచుకుంటూ పోయి, ఒక్కొక్క వాల్వు ఏ అంకె దగ్గర లేస్తోందో, ఏ అంకె దగ్గర కూర్చుంటోందో రాసుకోవడం. వాల్వు లేచిందంటే చెవులు మూసుకున్నా ఆ మోత గుండెల్లో తెలిసేది. ఆ తర్వాత సీలు వేసేవాళ్లు. ఆ సీలు మీద చెయ్యి వేసే అధికారం చీఫ్ ఇంజినీర్‌కు కూడా ఉండేది కాదు. వాల్వు పాస్ అవుతోందని, అంటే కొంచెం ఆవిరి వదులుతోందని, ఎవరూ దాన్ని బిగించేవాళ్లు కాదు. యూనిట్ ఆపి విప్పేవాళ్లు.

ఈ కట్టుదిట్టాలు ఊరికే రాలేదు. 1863లో కలకత్తాలో బాయిలర్ పేలి మనుషులు చనిపోయాక, 1864లో బెంగాల్‌లో తనిఖీల చట్టం వచ్చింది. 1923లో దేశమంతటికీ ఒకే చట్టం తెచ్చారు. దాని స్థానంలో 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చింది. ఈ చట్టాలు ఇంట్లోని గీజర్‌కు వర్తించవు. 100 డిగ్రీల లోపే నీళ్లు కాచే పాత్రలను వాటిలోంచి మినహాయించారు. ఆ మినహాయింపు వెనకున్న నమ్మకం ఏమిటి? గీజర్‌లో నీళ్లు 100 దాటవని. దాటకుండా చూసేవి థర్మోస్టాట్, కటౌట్. అవి రెండూ ఓడిపోయినా ట్యాంకును కాపాడేది వాల్వు. మీరు కటౌట్ తీసేసి, వాల్వు మూసేసిన గీజర్ ఇన్‌స్పెక్టర్ లేని బాయిలర్ అవుతుంది. గీజర్‌కు ఐఎస్ 2082 ప్రమాణం ఉంది, ఐఎస్‌ఐ గుర్తు ఉంది. కానీ ఆ గుర్తు ఫ్యాక్టరీ గేటు దాకానే కాపలా కాస్తుంది, అటకలోకి ఎక్కి చూడదు. అక్కడ ఉండేది మీరొక్కరే.

ప్రెజర్ తగ్గిందన్న ఫిర్యాదు దగ్గరికి వస్తాను, ఎందుకంటే గొడవంతా అక్కడే మొదలవుతోంది. బెంగళూరులో ఈ ఫిర్యాదుకు ఎక్కువగా దొరికే కారణం నీళ్లలోని సున్నమే. తాగేనీటికి ఐఎస్ 10500 ప్రమాణం కాఠిన్యం, అంటే కరిగిన సున్నం లాంటి లవణాలు, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిదంటుంది, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటుంది. ఈ చుట్టుపక్కల బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు వాడే అపార్ట్‌మెంట్లలో బకెట్ల అంచు మీది తెల్లచారలు చూస్తేనే పరిస్థితి తెలుస్తుంది. ఈ నీళ్లు వేడెక్కితే కరిగి ఉన్న సున్నం గట్టిపడి కాయిల్‌కు అంటుకుంటుంది. 60 డిగ్రీలు దాటితే మరీ త్వరగా. కాయిల్ వేడికి పెచ్చులూడి, నీళ్లతో పాటు కొట్టుకొచ్చి, మొదట తగిలిన జల్లెడ దగ్గర ఆగిపోతుంది. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు జలమండలి అపార్ట్‌మెంట్లలో, వ్యాపార సంస్థల్లో కుళాయిలకు ఏరేటర్లు (ధారలో గాలి కలిపి నీళ్లు తగ్గించే మూతులు) తప్పనిసరి చేసింది. నీళ్లు ఆదా చేయడానికి అది మంచి నిర్ణయమే. కానీ ఆ ఏరేటర్‌లోని సన్నని జాలీ సున్నానికి తేలిగ్గా దొరికిపోతుంది. అదే ఏడాది అక్టోబర్‌లో కావేరి ఐదో దశ మొదలై శివారులోని 110 గ్రామాల పరిధికి నీళ్లు ఇవ్వడం ప్రారంభించారు. కావేరి నీళ్లు వచ్చిన ఇళ్లలో సున్నం బాధ తగ్గుతుంది. బోరు, కావేరి కలిపి వాడే చోట పాత పెచ్చులు ఇంకా చాలాకాలం ఊడుతూనే ఉంటాయి.

కాబట్టి తమ్ముడూ, ఇంట్లోకి వెళ్లగానే అటక ఎక్కకండి. అదే బాత్రూమ్‌లో చన్నీళ్ల కుళాయి తిప్పండి. 10 లీటర్ల బకెట్ నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లో చూడండి. తర్వాత అదే మిక్సర్‌లో వేడినీళ్లకు చూడండి. రెండూ నెమ్మదిగా ఉంటే గీజర్ తప్పేమీ లేదు, లైనులోనే తక్కువ, లేదా షవర్ తలలోనో కుళాయి ఏరేటర్‌లోనో అడ్డం ఉంది. చన్నీళ్లు బాగుండి వేడినీళ్లే తక్కువైతే అడ్డం గీజర్ ముందున్న యాంగిల్ వాల్వు నుంచి మిక్సర్ దాకా ఎక్కడో ఉంది. మిక్సర్ జల్లెడ విప్పి చూడండి. ఎంసీబీ దించి, నీళ్లు చల్లారనిచ్చి, గీజర్‌కు ఎక్కే పైపు విప్పి బకెట్‌లో పెట్టి వదిలితే లోపలికి ఎంత వస్తోందో తెలుస్తుంది. నీళ్లు చల్లారే సమయం పక్కన పెడితే మొత్తం కలిపి ఒక టీ తాగేంత సమయం. ఆ సెకన్లు జాబ్ కార్డులో రాయండి. చేసే ముందు ఎంత, చేశాక ఎంత. ఆ రెండు అంకెలు కనిపిస్తే మీ మాట మీద ఇంటివాళ్లకు నమ్మకం కుదురుతుంది, అనవసరమైన మాటలూ తగ్గుతాయి.

లైనులోనే తక్కువైతే దానికీ లెక్కుంది. 10 మీటర్ల నీటి ఎత్తుకు ఒక కేజీ ప్రెజర్. డాబా ట్యాంకుకు సరిగ్గా కింద ఉండే పైఅంతస్తు ఫ్లాటుకు 4, 5 మీటర్ల ఎత్తే ఉంటుంది, అంటే అర కేజీ కూడా రాకపోవచ్చు. అక్కడ ఎన్ని గీజర్లు మార్చినా ధార పెరగదు. ప్రెజర్ పంపు పెట్టమని చెప్పడం ఆ ఇంట్లో న్యాయమైన సలహానే. అదే బిల్డింగ్‌లో 14 అంతస్తుల కింద ఉన్నవాళ్లకు 4 కేజీలు దాటుతుంది. మధ్యలో ప్రెజర్ తగ్గించే వాల్వులు పెట్టి, అవి చెడిపోతే కింది ఇళ్లలో గీజర్ వాల్వులు మరింతగా కారతాయి. వాషింగ్ మెషిన్ కుళాయికి బిగించే చిన్న గేజి ఒకటి మీ బ్యాగులో ఉంటే ఇదంతా ఊహించాల్సిన పని లేదు. రాత్రి ఎవరూ నీళ్లు వాడని వేళ ప్రెజర్ ఎక్కువగా ఉంటుందని కూడా గుర్తుపెట్టుకోండి.

నాన్ రిటర్న్ వాల్వు తీసేస్తే ధార పెరుగుతుందన్న సలహా కూడా విన్నాను. అది వాడుకలో ఉన్న సలహాల్లో రెండో ప్రమాదకరమైనది. బెంగళూరులో ట్యాంకు ఖాళీ అవడం కొత్త కాదు. ఆ వాల్వు లేకపోతే లైను ఖాళీ అయినప్పుడు గీజర్ నీళ్లు వెనక్కి జారిపోతాయి, కాయిల్ గాలిలో ఎర్రబడి కాలిపోతుంది. వెనక్కి వెళ్లిన కాగిన నీళ్లు ఇంకో బాత్రూమ్‌లో చన్నీళ్ల కుళాయి నుంచి పిల్లల చేతుల మీద పడవచ్చు.

ఫోన్‌లో వీడియోలు చూసి "బాయిలర్ ప్రెజర్ పడిపోతే నీళ్లు నింపాలి" అని చెప్పేవాళ్లు కూడా తయారయ్యారు. ఆ వీడియోలు ఇంగ్లండ్ లాంటి చలిదేశాలవి. మా మేనకోడలు అక్కడే ఉంటుంది, వాళ్లింట్లో అలాంటి బాయిలర్ ఉంది. అది ఇల్లు వెచ్చబెట్టే రేడియేటర్లలో అవే నీళ్లు తిరిగే మూసిన లైను. దానికి గేజి ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ ఉండాలి, 3 బార్ దగ్గర సేఫ్టీ వాల్వు లేస్తుంది. మన గీజర్‌కు గేజీ లేదు, నింపడానికి లైనూ లేదు, ప్రెజర్ డాబా ట్యాంకు నుంచో పంపు నుంచో వస్తుంది. రెండింటికీ పోలిక లేదు. అక్కడ కూడా లీకు ఎక్కడుందో వెతకకుండా మాటిమాటికీ నీళ్లు నింపుకోమనే సలహా ఇచ్చేవాళ్లున్నారట. కొత్త నీళ్లతో పాటు ప్రతిసారీ ప్రాణవాయువు లోపలికి వెళ్లి రేడియేటర్లను తుప్పుపట్టిస్తుంది. వేడికి పెరిగిన నీళ్లకు చోటిచ్చే ఎక్స్‌పాన్షన్ వెసెల్‌లో గాలి పోయి ఉంటే అది అలాగే ఉండిపోతుంది. గ్యాస్ బాయిలర్ విప్పాలంటే మాత్రం అక్కడ రిజిస్టరైన మనిషే రావాలి, ఎవరు పడితే వాళ్లు చెయ్యి పెట్టకూడదు.

మేనేజర్లకు కొన్ని మాటలు. కుర్రాళ్లను నిందించి ఊరుకుంటే ఇది ఆగదు. కాల్‌కు ఇంత, కొత్త గీజర్ అమ్మితే ఇంత అని మీరు లెక్క కడితే, జల్లెడ కడిగి వచ్చేవాడు నష్టపోతాడు, ట్యాంకు పోయిందని చెప్పేవాడు లాభపడతాడు. రోజుకు ఇన్ని కాల్స్ పూర్తిచేయాలని ఒత్తిడి పెడితే నీళ్లు చల్లారేదాకా ఎవరాగుతారు? ముద్ద పెట్టడానికి రెండు నిమిషాలు, వాల్వు మార్చడానికి అరగంట. మల్టీ ఫంక్షన్ వాల్వు కొన్ని వందల రూపాయల వస్తువు. ప్రతి కుర్రాడి బ్యాగులో రెండు ఉంచండి. చుక్కలు ఆగలేదని ఇంటివాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే దాన్ని రిపీట్ కంప్లయింట్‌గా కుర్రాడి ఖాతాలో వేయకండి. ఆ భయంతోనే చాలామంది మూసేస్తున్నారు, నాతో ఒకరిద్దరు ఆ మాట ఒప్పుకున్నారు. కటౌట్ డైరెక్ట్ చేసినట్టు తేలితే మాత్రం ఊరుకోవద్దు. జాబ్ కార్డులో "సేఫ్టీ వాల్వు తెరిచి ఉందా, కటౌట్ పనిచేస్తోందా" అన్న ప్రశ్నలు అచ్చువేసి, ఇంటివాళ్ల సంతకం తీసుకోండి.

ఇంటివాళ్ల తప్పూ ఉంది, దాచను. మా అపార్ట్‌మెంట్‌లోనే ఒకరు జిప్సం సీలింగ్ మీద మచ్చలు పడుతున్నాయని టెక్నీషియన్‌ని పట్టుబట్టి వాల్వు మూయించారు. అలాంటిచోట ఇవ్వాల్సిన జవాబు ఒక సన్నని పైపు. వాల్వు ముక్కుకు తగిలించి, కిందికి వాలు ఉండేలా దించి, ఫ్లోర్ ట్రాప్ (నేల తూము) దగ్గర వదిలేయాలి. ఆ పైపు చివర ఎప్పుడూ గాలికి తెరిచే ఉండాలి, దానికి కుళాయి గానీ మూత గానీ ఉండకూడదు. పైపు వేస్తానని చెప్పండి. వద్దు, మూసేయమనే వాళ్లకు చేయనని చెప్పి, కార్డులో రాసి వచ్చేయండి. ఆ ఒక్క కాల్ డబ్బులు పోతే పోనివ్వండి.

మా అపార్ట్‌మెంట్ కమిటీతో మాట్లాడాను. వాల్వులు చూడటానికి ఇల్లిల్లూ తిరిగే పని మొదలైంది. మూసినవన్నీ తెరుస్తున్నాం, పాడైనవి మారుస్తున్నాం. మా ఇంట్లోంచి తీసిన ఎం-సీల్ ముద్దతో ఉన్న పాత వాల్వును, అరిగిపోయిన రాడ్‌ను, పెచ్చులు నిండిన జల్లెడను దాచి ఉంచాను. ఏ సర్వీస్ సెంటరైనా తమ కుర్రాళ్లను ఒక ఆదివారం మా క్లబ్‌హౌస్‌కు పంపిస్తే వాటిని చేతికిచ్చి చూపిస్తాను. వాల్వును కోసి స్ప్రింగు ఎలా లేస్తుందో, సీటు మీద సున్నం ఎక్కడ పడుతుందో చూపిస్తాను. ఫీజు అడగను. తెలుగులో చెప్తాను, కన్నడం వచ్చిన మా ప్లంబర్ కూడా పక్కనుంటాడు. ఈ ఉత్తరం ప్రతులు మా చుట్టుపక్కల సర్వీస్ సెంటర్లకు ఇస్తున్నాను. మీ జాబ్ కార్డులో ఆ రెండు ప్రశ్నలు ఎప్పటి నుంచి అచ్చువేస్తారో రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాను.

మీ శ్రేయోభిలాషి,
రామమూర్తినగర్ నుంచి ఒక రిటైర్డ్ బాయిలర్ ఉద్యోగి